ఎలుకకి ఆఫీసర్ ఎవరు?

మాది కూచిపూడి అని చెప్పగానే హాస్టల్లో అందరూ అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే: "అయితే నీకు డాన్స్ వచ్చా?" రాదు. చిన్నప్పుడు ఒక వేసవి సెలవల్లో రెండు నెలలు అడుగులు నేర్చుకున్నా. ఆ తర్వాత గుడివాడలో ఇంగ్లీష్ మీడియం స్కూల్లో వేశారు, అంతటితో సరి. మా ఊళ్లో కళాపీఠం దాటి నాలుగు అడుగులేస్తే అంతా వరి పొలాలే అన్న సంగతి మాత్రం ఎవరూ అడగరు. ఈ వ్యాసం ఆ పొలాల గురించి. ఇంకా కరెక్టుగా చెప్పాలంటే, ఆ పొలాల్లో మనకంటే ముందు భోజనానికి కూర్చునే వాళ్ల గురించి, వాళ్లని లేపాల్సిన బాధ్యత ప్రభుత్వంలో ఎవరిదో వెతుక్కుంటూ నేను వెళ్లిన దారి గురించి. (తెలుగులో ఇంత పెద్దది రాయడం ఇదే మొదటిసారి. తప్పులుంటే క్లబ్ సీనియర్స్ క్షమించాలి.)

2024 సెప్టెంబర్ మొదట్లో కృష్ణకి వచ్చిన వరద మీకు గుర్తుండే ఉంటుంది. ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీళ్లు కిందికి వదిలారు. బ్యారేజీ కట్టాక అంత నీరు ఎప్పుడూ రాలేదట. టీవీలన్నీ విజయవాడలో బుడమేరు చూపిస్తున్నాయి, అది న్యాయమే. దిగువన నది మధ్య లంకలు కూడా మునిగాయి. లంకల్లో ఉన్న మనుషుల్ని పడవల్లో ఒడ్డుకి తెచ్చారు. మిగతా ప్రాణులు వాటంతట అవే వచ్చాయి.

నేను దసరా సెలవలకి ఇంటికెళ్లేసరికి వరి పొట్ట మీద ఉంది. తాతయ్య పొలం చూపించడానికి తీసుకెళ్లాడు. రోడ్డు మీద నుంచి చూస్తే పచ్చగా, నిండుగా ఉంది. "బాగానే ఉందిగా తాతయ్యా" అన్నా. "లోపలికి రా" అన్నాడు. గట్టు దిగి ఇరవై అడుగులు వెళ్లాక చూస్తే మధ్యలో బట్టతల! పిలకలు మొదట్లో ఏటవాలుగా, కత్తెరతో కోసినట్టు తెగి పడున్నాయి. చుట్టూ మాత్రం ఎత్తుగా వరి. స్టేడియంలా ఉంది అని నవ్వబోయి, తాతయ్య మొహం చూసి ఆపేశా. తర్వాత చదివితే తెలిసింది, ఎలుకల మీద పని చేసే సైంటిస్టులు కూడా దీన్ని స్టేడియంతోనే పోలుస్తారట. గద్దలకీ గుడ్లగూబలకీ మనుషులకీ కనపడే అంచుల్ని వదిలేసి, ఎలుక మధ్యలో కూర్చుని తింటుంది. అందుకే రైతు కంట పడేసరికే ఆలస్యం అయిపోతుంది.

మూడో రోజు, మా పొలంలో ఎప్పటి నుంచో పని చేసే మావయ్య (వరసకే మావయ్య, కానీ నన్ను సైకిల్ మీద స్కూల్ బస్సు దాకా దింపింది ఆయనే) గట్టు మీద గడ్డి కోస్తుంటే రక్తపింజర కాటేసింది. కుడిచేతి చూపుడు వేలి మీద. ఎవరో తువ్వాలు చింపి గట్టిగా కట్టబోతే తాతయ్య అరిచి ఆపాడు. చెయ్యి కదలకుండా పెట్టి, బండి మీద మధ్యలో కూర్చోబెట్టి హాస్పిటల్‌కి తీసుకెళ్లారు. విరుగుడు ఇంజెక్షన్ సకాలంలో పడింది కాబట్టి బతికాడు. తొమ్మిది రోజులు ఉంచారు. ఆ వేలు మాత్రం ఇప్పటికీ పూర్తిగా వంగదు. కొడవలి పట్టుకునే వేలు అది.

ఆ రాత్రి తాతయ్య అరుగు మీద కూర్చుని అన్నమాట ఇది: "పాము ఎలక కోసం వచ్చింది. ఎలక వరి కోసం వచ్చింది. వరి మనం వేశాం. ఇప్పుడు ఎవరి మీద కేసు పెడతావమ్మాయ్?"

నేను సీఎస్ఈ కదా, ప్రతి సమస్యకీ ఒక అడ్మిన్ ఉంటాడని నా నమ్మకం. ఎవరో ఒకరు ఉండాలి. జంతువుల వల్ల మనుషులకి జరిగే నష్టం చూసుకునే ఒక పెద్ద ఆఫీసరు, ఒక కుర్చీ, ఒక సంతకం. అది ఎవరిదో కనుక్కుందామని మొదలెట్టా.

మొదటి మెట్టు మా ఊరి రైతు సేవా కేంద్రం. అక్కడ అగ్రికల్చర్ అసిస్టెంట్ చాలా ఓపిగ్గా చెప్పారు. ఎలుకల మందు తయారీ నాకు నోటికి వచ్చేసింది: నూకలు 96 పాళ్లు, నూనె 2 పాళ్లు, బ్రోమాడయోలోన్ 2 పాళ్లు. కలిపి 15 గ్రాముల చొప్పున కాగితం పొట్లాలు కట్టాలి. మొదటి రోజు గట్ల మీద ఉన్న కన్నాలన్నీ మట్టితో మూసేయాలి. మర్నాడు ఏ కన్నాలు తెరుచుకుని ఉంటే వాటిలోనే ఎలుక ఉన్నట్టు. వాటిలో మాత్రమే పొట్లం వేయాలి. ఇది విన్నప్పుడు నాకు భలే నచ్చింది. అచ్చం మనం సర్వర్‌కి పింగ్ కొట్టి బతికుందో లేదో చూసుకున్నట్టే.

ఇంకో సంగతి కూడా చెప్పారు. పాతకాలం నుంచి వాడే జింక్ ఫాస్ఫైడ్ తింటే ఎలుక కొన్ని గంటల్లో చస్తుంది. అది చూసి (లేదా కొంచెం తిని బతికిపోయి) మిగతావి ఆ ఎర జోలికి రావు. అందుకే ముందు రెండ్రోజులు మందు లేని నూకలు పెట్టి అలవాటు చేసి, తర్వాత మందు పెట్టాలి. బ్రోమాడయోలోన్ అలా కాదు, రక్తం గడ్డకట్టకుండా చేస్తుంది. చావు కొన్ని రోజుల తర్వాత వస్తుంది కాబట్టి ఎరకీ చావుకీ సంబంధం ఉందని ఎలుకలకి తెలియదు. వినడానికి కొంచెం భయంగానే ఉంది. మందు తిన్న ఎలుకని గుడ్లగూబ తింటే ఏమవుతుందని అడిగా. "అందుకేనమ్మా, చచ్చిన వాటిని ఏరి పూడ్చిపెట్టమని చెప్తాం" అన్నారు. ఎంతమంది పూడుస్తారో నేను అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

అసలు చిక్కు మందులో లేదు, మనుషుల్లో ఉంది. ఎలుకల నివారణ ఊరంతా ఒకేసారి చేస్తేనే పని చేస్తుంది. మా పొలంలో చేసి పక్క పొలంలో చేయకపోతే వారం తిరక్కుండా పక్క గట్టు నుంచి కొత్త కాపురాలు వచ్చేస్తాయి. మా పక్క పొలం వాళ్లు హైదరాబాద్‌లో ఉంటారు. ఆ ఏడాది కౌలుదారు మారాడు, ఆయన ఫోన్ నంబర్ కూడా తాతయ్య దగ్గర లేదు. నెట్‌వర్క్‌లో అన్ని మెషీన్లకీ ప్యాచ్ వేసి ఒక్కదాన్ని వదిలేస్తే ఏం జరుగుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

తాతయ్య చిన్నప్పుడు దీనికి వేరే పద్ధతి ఉండేది. యానాది కుటుంబాలు వెదురు బుట్టలతో వచ్చేవి. సాయంత్రం గట్ల వెంట బుట్టలు పెట్టి, తెల్లారి ఎలుకల్ని తీసేవారు. తోకలు లెక్కపెట్టి డబ్బులిచ్చేవారట. కోతలయ్యాక కన్నాలు తవ్వుకుని, ఎలుకలు దాచుకున్న వెన్నుల్ని వాళ్లు తీసుకెళ్లేవారు. ఏ కన్నంలో ఎలుక ఉంది, ఏ కన్నంలో పాము ఉంది అన్నది మట్టి చూసి చెప్పేవారని తాతయ్య ఇప్పటికీ ఆశ్చర్యపోతాడు. తాజా మట్టి కుప్ప ఉంటే ఎలుక. కన్నం మూతి నున్నగా, అరిగినట్టు ఉంటే చెయ్యి పెట్టొద్దు. ఆ కుటుంబాలు మా వైపు రావడం మానేసి చాలా ఏళ్లయింది. వాళ్లకి అప్పట్లో ఇచ్చిన కూలీ తక్కువేనని తాతయ్యే ఒప్పుకుంటాడు. ఆ తెలివికి ఎవరూ సర్టిఫికెట్ ఇవ్వలేదు, నాలుగు డబ్బులు ఎక్కువ కూడా ఇవ్వలేదు.

సరే, ఎలుక వ్యవసాయ శాఖ. మరి పంది?

మా చిన్నతాతయ్య వాళ్లది అవనిగడ్డ వైపు, నది ఒడ్డు ఊరు. వరద తగ్గాక ఒక రాత్రి అడవి పందులు ఆయన కంద చేనులో దిగాయి. తెల్లారి చూస్తే ట్రాక్టర్‌తో దున్నినట్టుంది. ఎవరో కరెంటు తీగ లాగమని సలహా ఇచ్చారు. ఆయన లాగలేదు. పందుల కోసం పెట్టిన తీగ తగిలి మనుషులు పోయిన వార్త మన రెండు రాష్ట్రాల పేపర్లలో ఏటా వస్తూనే ఉంటుంది. చాలాసార్లు పోయేది పక్క చేను రైతో, రాత్రి నీళ్లు పెట్టడానికి వెళ్లిన సొంతింటి వాళ్లో. పోనీ వేటగాణ్ణి పిలిచి కొట్టిద్దామా అంటే అది నేరం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 9వ సెక్షన్ వేటని నిషేధించింది. దానికి మినహాయింపు 11వ సెక్షన్‌లో ఉంది. నేను వెతుకుతున్న కుర్చీ నాకు అక్కడ దొరికింది.

ఆ కుర్చీ పేరు చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్. ప్రతి రాష్ట్రానికీ ఒకరు. సాధారణంగా అటవీ శాఖలో పై నుంచి ఒకటో రెండో మెట్టులో ఉన్న అధికారి. మొదటి షెడ్యూల్‌లో ఉన్న జంతువు, అంటే పులి, ఏనుగు లాంటిది, మనిషి ప్రాణానికి ప్రమాదంగా మారితేనో, ఇక కోలుకోలేనంతగా దెబ్బతింటేనో, జబ్బు పడితేనో మాత్రమే ఆయన వేటకి అనుమతి ఇవ్వగలరు. అప్పుడు కూడా పట్టుకోవడం, మత్తు ఇవ్వడం, వేరే చోటికి తరలించడం, ఈ మూడూ కుదరవని నమ్మకం కలిగాకే చంపమని చెప్పాలి. పంట తినేసిందన్న కారణం అక్కడ చెల్లదు. అడవి పంది లాంటి రెండో షెడ్యూల్ జంతువుల విషయంలో మాత్రం ఆస్తి నష్టం కూడా కారణం కావచ్చు. ఆస్తి అంటే చేలో నిలబడి ఉన్న పంట కూడా అని చట్టంలోనే స్పష్టంగా రాశారు. ఏ సందర్భంలోనైనా ఆర్డర్ రాతపూర్వకంగా ఉండాలి, కారణాలు రాయాలి. మనిషి తన ప్రాణం కాపాడుకోవడానికి మంచి ఉద్దేశంతో చంపితే నేరం కాదు, కానీ అలా చచ్చిన జంతువు ప్రభుత్వ ఆస్తి.

ఇప్పుడు గమ్మత్తు చూడండి. వన్యప్రాణుల్ని కాపాడమని ఎవరికి జీతం ఇస్తున్నారో, వాటిని చంపమని సంతకం పెట్టే అధికారం కూడా వాళ్లకే ఇచ్చారు. మొదట నాకిది డిజైన్‌లో తప్పులా అనిపించింది. ఆలోచిస్తే అర్థమైంది, ఆ సంతకం పెట్టడానికి చెయ్యి వణికే మనిషే అక్కడ ఉండాలని అలా పెట్టి ఉంటారు. నిజంగా వణుకుతుందా అన్నది వేరే సంగతి.

ఆ సంతకం ఎంత బరువైందో 2018లో మన పక్కనే తేలింది. మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో, అంటే మన ఆదిలాబాద్ అవతలి గట్టున, 13 మంది మరణాలకి కారణమన్న ఆడపులి అవనిని నవంబర్ 2 రాత్రి కాల్చి చంపారు. విషయం అంతకుముందే సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, కోర్టు జోక్యం చేసుకోలేదు. కాల్చింది హైదరాబాద్‌కి చెందిన వేటగాడు నవాబ్ షఫత్ అలీ ఖాన్ కొడుకు. ముందు మత్తు ఇచ్చే ప్రయత్నం సరిగ్గా జరిగిందా లేదా అన్న గొడవ నెలల తరబడి నడిచింది. దానికి రెండేళ్ల ముందు, 2016లో, బీహార్‌లో పంటలు తినేస్తున్నాయని నీల్‌గాయిల్ని కాల్చడానికి వెళ్లిందీ అదే హైదరాబాద్ నవాబు. కొద్ది రోజుల్లో రెండు వందలకు పైగా జంతువులు చచ్చాయి. ఇద్దరు కేంద్ర మంత్రులు దాని మీద బహిరంగంగా మాటలనుకున్నారు. అక్కడ వాడింది వేరే దారి, 62వ సెక్షన్. దాని కింద కేంద్రం ఒక జంతువుని కొంత ప్రాంతానికి, కొంత కాలానికి హానికర జంతువుగా ప్రకటిస్తే ఇక వార్డెన్ సంతకంతో పని లేదు.

తెలంగాణ 2021లో మూడో దారి పట్టింది. అడవి పందుల విషయంలో అనుమతి ఇచ్చే అధికారాన్ని సర్పంచుల దాకా దింపింది. ఆ మరుసటి ఏడాది కేరళ కూడా పంచాయతీలకి ఇలాంటి అధికారమే ఇచ్చింది. చిన్నతాతయ్య ఇది విని "మాకూ అలా ఇస్తే బాగుండు" అన్నాడు. తాతయ్య మాత్రం ఒప్పుకోలేదు. "సర్పంచ్‌కి ఓట్లు పందులు వేస్తాయా, రైతులు వేస్తారా? ఇంక ఆయన కాదంటాడా?" అన్నాడు. ఇద్దరూ భోజనాల దగ్గర అరగంట వాదించుకున్నారు. నాకు ఇద్దరి మాటా నిజమే అనిపించింది, ఇప్పటికీ అలాగే ఉంది.

మరి ఎలుక సంగతి? అదే చట్టంలో ఐదో షెడ్యూల్ అని ఒకటి ఉండేది. అందులో కాకి, పళ్లు తినే గబ్బిలం, చుంచెలుక, ఎలుక. ఇవి హానికర జంతువులు, వీటికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. 2022లో చట్టాన్ని సవరించినప్పుడు ఆ షెడ్యూలే తీసేశారు. ఎలా చూసినా డెల్టాలో అందరికంటే ఎక్కువ తినే ప్రాణికి ఆ పెద్ద కుర్చీతో సంబంధం లేదు. చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ ఆఫీసులో చిత్తూరు ఏనుగుల ఫైలు ఉంటుంది. 2025 మేలో కర్ణాటక నుంచి కుంకీ ఏనుగుల్ని తెచ్చుకున్నాం కదా, అలాంటివి. కూచిపూడి ఎలుకల ఫైలు ఉండదు. పాము మళ్లీ వన్యప్రాణి, కాబట్టి అటవీ శాఖ. పాము కాటు వైద్య శాఖ. పాముని పొలంలోకి పిలిచిన ఎలుక వ్యవసాయ శాఖ. ఎలుకకి ఇల్లు కట్టిన గట్టు మాది, కాలవ గట్టు అయితే ఇరిగేషన్ వాళ్లది. తాతయ్య ఒక్క వాక్యంలో కలిపి చెప్పినదాన్ని ప్రభుత్వం నాలుగు ముక్కలు చేసింది.

2018 ఆగస్టులో దివిసీమలో పాము కాట్లు విపరీతంగా పెరిగినప్పుడు ఏం జరిగిందో మా వైపు వాళ్లందరికీ గుర్తే. అవనిగడ్డ ఆసుపత్రికి రోజూ కేసులు. చివరికి మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వర స్వామి గుడిలో సర్పశాంతి యాగం చేయించారు, అంటే దేవాదాయ శాఖ కూడా రంగంలోకి దిగింది. అప్పుడు చాలామంది నవ్వారు. నేను నవ్వలేను. మా అమ్మమ్మ ఏటా మోపిదేవి వెళ్లి పుట్టలో పాలు పోసి వస్తుంది. మావయ్యకి కాటు పడ్డ మర్నాడు కూడా వెళ్లింది. గుడికి వెళ్లడంలో తప్పు లేదు. కానీ ఆ ఏడాది ఎలుకల గురించి ఎవరైనా ఆ నాలుగు శాఖల్నీ ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టారా అన్నది నా సందేహం.

అమెరికాలో ఇలా విడివిడిగా లేదు. అక్కడ వ్యవసాయ శాఖ కిందే వైల్డ్‌లైఫ్ సర్వీసెస్ అని ఒక విభాగం ఉంది. పంట నష్టం, పశువుల నష్టం, విమానాశ్రయాల్లో పక్షులు, అన్నీ వాళ్ల పనే. 1931లో చేసిన చట్టం దీనికి మూలం. మధ్యలో చాలా కాలం వన్యప్రాణుల్ని చూసే శాఖ కింద ఉంది, 1980ల మధ్యలో మళ్లీ వ్యవసాయానికి మార్చారు, 1997లో ఇప్పటి పేరు పెట్టారు. 2009 జనవరిలో న్యూయార్క్‌లో బాతులు తగిలి విమానం హడ్సన్ నది మీద దిగింది, సినిమా కూడా వచ్చింది, చూసే ఉంటారు. అలాంటివి జరిగినప్పుడు పిలుపు వెళ్లేది వీళ్లకే. అక్కడ జువాలజీ చదివిన కుర్రాడు ఫీల్డ్‌లో బోనులు పెట్టడంతో మొదలెట్టి, జిల్లా, రాష్ట్రం దాటి, ముప్పై ఏళ్లకి దేశం మొత్తానికి ఆ విభాగం పెద్ద కావచ్చు. నష్ట నివారణ అనేదే ఒక పూర్తి కెరీర్. దానికీ తిట్లు తక్కువేం కాదు. ఏటా ఏ జంతువుని ఎన్ని చంపారో వాళ్లే లెక్క ప్రచురిస్తారు, ఆ లెక్క చూసి జంతు ప్రేమికులు ఏటా మండిపడతారు. అయినా లెక్క బయట పెట్టడం నాకు నచ్చింది. మన దగ్గర పందుల లెక్క చిన్నతాతయ్యకి మాత్రమే తెలుసు.

మన దగ్గర సైన్స్ లేదని కాదు. జోధ్‌పూర్ కేంద్రంగా దేశమంతటికీ ఎలుకల మీద పరిశోధన నెట్‌వర్క్ దశాబ్దాలుగా ఉంది. గోదావరి డెల్టాలో మార్టేరు వరి పరిశోధన కేంద్రంలో దాని శాఖ పని చేసింది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో పక్షులు, అడవి పందుల మీద పని చేసే కేంద్రం ఉంది, అక్కడే జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ కూడా ఉంది. వాళ్లు చెప్పే ఉపాయాలు వింటే ముచ్చటేస్తుంది. వేరుశనగ చుట్టూ నాలుగు వరసలు కుసుమ వేస్తే ముళ్లకి పందులు లోపలికి రావు. మొక్కజొన్న చుట్టూ ఆముదం వేస్తే ఆ వాసనకి మొక్కజొన్న వాసన వాటికి అందదు. సెలూన్‌లో ఊడ్చేసిన జుట్టు గట్ల మీద చల్లితే, పంది ముక్కుతో నేల వాసన చూసుకుంటూ వస్తుంది కాబట్టి ఆ వెంట్రుకలు ముక్కులోకి వెళ్లి వెనక్కి తిరుగుతుంది. మా వరికి సంబంధించినంత వరకు, పొలంలో అక్కడక్కడ టీ ఆకారంలో కర్రలు పాతమంటారు. రాత్రిళ్లు గుడ్లగూబలు వాటి మీద కూర్చుని ఎలుకల్ని పడతాయి. తాతయ్యకి గుడ్లగూబ అంటే అపశకునం. అయినా ఈసారి ఆరు కర్రలు పాతాడు, ఇంటికి దూరంగా ఉన్న వైపు.

ఇంతకీ ఆ పెద్ద కుర్చీకి ఎవరు ఎక్కగలరు? ఇక్కడే నాకు అసలైన షాక్. మనం ఎక్కగలం. చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ దాకా వెళ్లే దారి ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్, 1966లో పెట్టిన సర్వీసు. దాని పరీక్షకి జువాలజీయో ఫారెస్ట్రీయో చదివుండాలని అనుకున్నా. ఇంజనీరింగ్ డిగ్రీ కూడా అర్హతే, మన సీఎస్ఈతో సహా. వయసు 21 నిండాలి. ప్రిలిమ్స్ ఐఏఎస్ వాళ్లతో కలిపే. మెయిన్స్ వేరు: ఇంగ్లీష్ 300, జనరల్ నాలెడ్జ్ 300, రెండు ఆప్షనల్ సబ్జెక్టులకి కలిపి 800. ఇంటర్వ్యూ 300. ఆప్షనల్స్‌లో సివిల్, మెకానికల్, కెమికల్ ఇంజనీరింగ్ ఉన్నాయి, కంప్యూటర్ సైన్స్ లేదు. కాబట్టి మనం మాథ్స్ లేదా స్టాటిస్టిక్స్ లాంటివి తీసుకోవాలి, లేదా ధైర్యం ఉంటే ఫారెస్ట్రీ, జువాలజీ మొదటి నుంచి చదువుకోవాలి. చివర్లో నడక పరీక్ష: నాలుగు గంటల్లో మగవాళ్లు 25 కిలోమీటర్లు, ఆడవాళ్లు 14. తర్వాత డెహ్రాడూన్‌లో ట్రైనింగ్. ఆపైన డివిజన్‌కి అధికారిగా మొదలై, కన్జర్వేటర్, చీఫ్ కన్జర్వేటర్ అని మెట్లు ఎక్కుతూ ఆ సంతకం దాకా చేరేసరికి జుట్టు నెరుస్తుంది.

నాన్నకి చెప్తే, "నాలుగేళ్ల ఫీజు కట్టింది ఎలకలు పట్టడానికా?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు, కానీ అన్నాడు. ఎలకలు ఆ కుర్చీ కిందికి రావు నాన్నా అని మొత్తం వివరించబోతే అప్పటికే లేచి వెళ్లిపోయాడు.

మా వైపు అటవీ శాఖ అంటే మంచి పేరు లేదు, అది కూడా చెప్పాలి. కొల్లేరుని 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో అందులో ఉన్న చేపల చెరువుల గట్లు కొట్టేశారు. సరస్సు కోసం అది అవసరమే కావచ్చు. కైకలూరు వైపు చాలామందికి మాత్రం ఫారెస్ట్ ఆఫీసర్ అంటే ఇప్పటికీ చెరువు గట్టు కొట్టించినవాడే. చెరువు మీద గూడబాతులు వాలితే దారాలు కట్టేవాడు ఆ ఆఫీసుకి వెళ్లి నష్టం చెప్పుకుంటాడా? నాగాయలంక వైపు మడ అడవుల్లో నీటిపిల్లి ఉంది. మొదటి షెడ్యూల్ జంతువు, పులికి ఉన్న రక్షణే దీనికీ. చెరువులో చేపలు పడుతుందని దాని మీద కోపం. అది ఎలుకల్ని కూడా తింటుందని ఆ చెరువు గట్టు మీద నిలబడి ఎవరైనా చెప్పాలి. చెప్పేవాడికి చేపల రేటు కూడా తెలిసుండాలి, లేకపోతే ఎవడూ వినడు. నా దృష్టిలో ఆ ఉద్యోగానికి అసలు అర్హత అది, సిలబస్‌లో లేదు.

ఈ సంవత్సరం మందు పొట్లాలు ఊరంతా ఒకే రోజు వేశారు. నేను చేసింది చిన్న పని. రైతు సేవా కేంద్రం ఆవిడ దగ్గర లిస్టు తీసుకుని, ఏ మడి ఎవరు కౌలు చేస్తున్నారో ఒక షీట్‌లో ఎక్కించి, అందరికీ వాట్సాప్‌లో ముందు రోజు కన్నాలు మూయమని, తర్వాతి రోజు మందు వేయమని మెసేజ్ పెట్టా. పదకొండు నంబర్లు తప్పు. వాళ్లకి తాతయ్య సైకిల్ మీద వెళ్లి చెప్పి వచ్చాడు. పక్క పొలం కొత్త కౌలుదారు కూడా వచ్చాడు. మావయ్య గట్ల మీద ముందు నడిచి, ఏ కన్నం దగ్గర ఆగాలో ఎడం చేత్తో కర్ర పెట్టి చూపించాడు. పొట్ట దశలో నాకు ఫోటో పంపమంటే తాతయ్య పొలం మధ్యలోకి వెళ్లి తీసి పంపాడు. బట్టతల పూర్తిగా పోలేదు. చిన్నదైంది.

నాకు ఇంకా 21 నిండలేదు, టైముంది. పోయిన ఆదివారం ఊరెళ్లినప్పుడు 14 కిలోమీటర్లు నాలుగు గంటల్లో నడవగలనో లేదో చూద్దామని తెల్లవారుజామున కాలవ గట్టు మీద బయల్దేరా. ఫోన్‌లో స్టెప్స్ యాప్ ఆన్ చేస్తుంటే తాతయ్య గుమ్మంలోకి వచ్చి టార్చి, చేతికర్ర ఇచ్చాడు.

"మంచు తగ్గేదాకా గట్టు మధ్యలోనే నడువు. అంచున మట్టి కొత్తగా ఉంటే పక్కకి జరుగు."